జంటసర్వరులు – లెక్కల భద్రత
2020 అక్టోబరు నడిమి కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతముల పల్లపు కాలనీలు నీట మునిగిన సంగతి మన వర్తకులు మఱచియుండరు. నేడు వారి ఖాతాలు సర్వరులలో నున్నవి. వాని రక్షణమార్గమును విచారింపవలసియున్నది.

ఒక సర్వరు ఆగినంతనే రెండవది పని నందుకొనుట యొక మేలు. లెక్కలు నశింపకుండుట వేఱొక మేలు. ఈ రెంటిని ఒక్కటిగా నెంచుటయే అనర్థమునకు మూలము. జంటసర్వరు అద్దము వంటిది: గుమాస్తా పొరపాటున తుడిచిన పద్దు రెండింటను మాయమగును. రెండును ఒకే యింట నున్నచో ఒక్క వఱదయే రెంటిని ముంచును. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ సమాచారకేంద్రము తగులబడగా, వెలుపల ప్రతి లేని 858 టెరాబైట్ల ఉద్యోగుల పత్రములు నశించెను. రాజ్యమునకే యిట్టి గతి పట్టినప్పుడు దుకాణముల మాట చెప్పనేల?

దూరమున ప్రతి నుంచుటలోను చిక్కు కలదు. ప్రతి పద్దుకును దూరపు సర్వరు అంగీకారమునకై వేచినచో పని మందగించును. వేచియుండనిచో ప్రమాదవేళ చివరి పద్దులు పోవును. నడుమ తీగ తెగినచో రెండు సర్వరులును తామే ప్రధానమని వేర్వేఱుగా వ్రాయసాగును. కావున తీర్పునకు మూడవ సాక్షియంత్రము కావలెను.

ఎన్ని గంటలు పని యాపగలము, ఎన్ని పద్దులు కోల్పోగలము అని యజమాని ముందు నిశ్చయించుకొనవలెను. చిన్న వర్తకునకు ఒక మంచి సర్వరును, విజయవాడ వంటి వేఱొక ఊరికి ప్రతిరాత్రియు తేదీలవారీగా చేరు ప్రతులును చాలునని మా యభిప్రాయము. ఆసుపత్రులకు, బ్యాంకులకు వీనితోపాటు జంటసర్వరులును అవసరము. ఏది యెన్నుకొన్నను, ప్రతినుండి లెక్కలను తిరిగి తెచ్చి చూచుకొననిదే అది కలదని నమ్మరాదు.