మొండి తామర ఎవరి పుణ్యం?

ఆలూరు పక్క తామర గురించి ఎవర్ని కదిలించినా ఒకటే మాట: “వేడి ఒళ్లు, ఎన్ని ట్యూబులు పూసినా పోదు, ఇంకా పవరున్నది కావాల.” కాస్త చదువుకున్నవాళ్లు ఇంకో ముక్క చేరుస్తారు, స్నానాలు సరిగా చెయ్యరని. రెండూ తప్పే. మొదటిది ప్రమాదం కూడా.

ఆ పవరున్న ట్యూబులో ఏముంటుంది? ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్. పవరంతా ఆ చివరిదానిదే. దురద, ఎరుపు ఫంగస్ మీద ఒళ్లు చేసే పోరాటం వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం అడ్డులేకుండా గజ్జల నుంచి నడుముకు, పిరుదులకు పాకుతుంది. మళ్లీ దురద, మళ్లీ అదే ట్యూబు. చర్మం పలచబడి తొడల్లో చారలు పడతాయి, అవి ఇక పూర్తిగా పోవు. గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి, చూసిన డాక్టరే తికమకపడతాడు. 1968లోనే వైద్యులు దీనికి ‘టీనియా ఇన్‌కాగ్నిటో’ అని పేరు పెట్టారు. యాభై ఏళ్లకు, 2018లో, కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అది ఎంతవరకు నడుస్తోందో మీ ఊరి షాపులో అడిగి చూడండి.

మందుకు లొంగని ఫంగస్ లేదనడం లేదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో జపాన్ పరిశోధకులు పేరు పెట్టినది టెర్బినఫిన్‌కు తరచుగా లొంగదు. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది. అయితే దానికి కావాల్సింది ఇంకా ఘాటైన స్టెరాయిడ్ కాదు. పొలుసు గీసి పరీక్ష చెయ్యాలి, డాక్టరు చెప్పిన మాత్ర వారాల తరబడి వాడాలి, మచ్చ పోయాక కూడా కొన్నాళ్లు ఆపకూడదు.

ఇక స్నానాల సంగతి. సుగ్గికని, అంటే కూలి వలసకని, గుంటూరు మిరప చేలకు పోయి, నెలల తరబడి గుడారాల్లో చెమట బట్టలతో గడిపేవాళ్లకు శుభ్రత పాఠాలు చెప్పడం సులువే. నీళ్లెక్కడివి? రోజూ స్నానం చేసి, బిగుతు జీన్స్ వేసుకునే ఆదోని కాలేజీ పిల్లలకూ తామర వస్తుంది కదా! ఇంట్లో నలుగురికి ఒకే తువ్వాలు ఉండి, మందు ఒక్కరే వాడితే తామర తిరిగి తిరిగి వస్తుంది. తామర ఉన్నవాళ్లందరూ ఒకేసారి మందు వాడాలి, బట్టలు ఎండలో బాగా ఆరాలి.

ట్యూబు కొనేముందు వెనక్కి తిప్పి చదవండి, లేదా చదివించుకోండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, వీటిలో ఏ పేరు కనిపించినా తామరకు వద్దని తిరిగిచ్చేయండి. ఇప్పటికే నెలలుగా పూస్తున్నవాళ్లు ఇంకో ట్యూబు కొనకుండా, వాడిన డబ్బాలన్నీ సంచిలో వేసుకుని చర్మ డాక్టరు దగ్గరికి పొండి.