పిల్లల చేతికి రంగులిద్దాం

ధ్యాన భాగం: నిర్గమకాండము 35:30–35



మన మందిరపు వసారాలో శనివారం సాయంత్రం జరిగే రంగుల తరగతి గురించి ఈ వారం రాస్తున్నాను. పద్నాలుగు మంది పిల్లలు, రెండు చాపలు, మూడు రంగు సీసాలు, ఒక బకెట్ నీళ్లు. ఆ తరగతి అంటే అంతే. కానీ దాని గురించి సంఘంలో రెండు మాటలు వినిపిస్తున్నాయి. "బొమ్మలు కూడు పెడతాయా అయ్యగారూ, ఆ గంట లెక్కలు చెప్పించరాదా" అనేది ఒకటి. "మందిరంలో వాక్యం నేర్పాలి గానీ ఈ రంగులేమిటి" అనేది రెండోది. రెండూ పిల్లల మేలు కోరి అన్నవే. కాబట్టి రెండింటికీ తిన్నగా జవాబు చెప్పాలి.

రెండో మాట ముందు చూద్దాం. ప్రత్యక్ష గుడారం కట్టే పని వచ్చినప్పుడు దేవుడు యూదా గోత్రికుడైన బెసలేలును పేరు పెట్టి పిలిచాడు. తన ఆత్మతో నింపాడు. దేనికి? బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు చెక్కడానికి, కర్రను మలచడానికి. నీలం, ఊదా, ఎరుపు రంగుల నూలుతో నేసేవాళ్లకూ బుట్టాపని చేసేవాళ్లకూ ఆ నేర్పు ఆయన ఇచ్చిందేనని అదే భాగంలో ఉంది. మనం తరచుగా దాటిపోయే సంగతి 34వ వచనంలో ఉంది. బెసలేలుకూ, దాను గోత్రికుడైన అహోలీయాబుకూ ఆ పని ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడే పుట్టించాడు. చేతిపని వచ్చినవాడు ఒక వరం పొందాడు. పక్కవాడికి ఓపికగా నేర్పగలిగినవాడు ఇంకొక వరం పొందాడు. అలాంటప్పుడు మందిరపు వసారాలో రంగులు కలపడం వాక్యానికి దూరమైన పని ఎలా అవుతుంది?

ఇక మొదటి మాట. లెక్కలు కావాలి, అందులో వాదం లేదు. మన ట్యూషన్ వారానికి ఐదు రోజులు జరుగుతూనే ఉంది. రంగుల తరగతి దాని గంటను తీసుకోలేదు. కానీ "బొమ్మలు కూడు పెడతాయా" అని అడిగే మనం, మన కూడులో రంగు ఎంత పని చేస్తోందో మరచిపోతున్నాం. వరికి యూరియా ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి ఆకు రంగుల పట్టీ ఉంటుంది. లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా మెట్లుంటాయి. చేలో ఆకును దాని పక్కన పెట్టి పోల్చి చూడాలి. గుంటూరు మిర్చి యార్డులో మంచి ఎరుపుకి ఒక ధర, తెల్లబడిన తాలు కాయకి ఇంకొక ధర. రంగును చూడగలగడం మన ఊరి బతుకులో ఒక చదువే. బడిలో దానికి పీరియడు లేదు, అంతే.

అయితే రంగులు ఇవ్వగానే సరిపోదు, ఎలా నేర్పుతామన్నదే ముఖ్యం. నా అభిప్రాయాలు కొన్ని చెబుతాను, ఇంట్లో కూడా పనికొస్తాయి.

పన్నెండు రంగుల పెట్టె వద్దు, మూడు చాలు: ఎరుపు, పసుపు, నీలం. తేలిక చేసుకోవడానికి కొంచెం తెలుపు. పెట్టెలో ఆకుపచ్చ సిద్ధంగా ఉంటే పిల్లవాడు ప్రతి చెట్టుకీ అదే పూస్తాడు. అది లేనప్పుడు పసుపులో నీలం చుక్క కలిపి తానే తెచ్చుకోవాలి. నీలం కాస్త తగ్గితే నారుమడి వస్తుంది, కాస్త పెరిగితే తాటాకు వస్తుంది. ఎరుపు బొట్టు తగిలితే ఎండబోయే గడ్డి వస్తుంది. అప్పుడు వాడు కిటికీలోంచి బయటికి చూసి, "మన చెట్టు ఇందులో ఏది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమే తరగతి. నలుపు సీసా మాత్రం కొన్నాళ్లు దాచిపెట్టాలి. నలుపు చేతికందితే నీడ అంతా నలుపే అయిపోతుంది. నీడలో నీలం ఉంటుందనీ, ఊదా ఉంటుందనీ చూసే ఓపిక పోతుంది.

అచ్చు వేసిన బొమ్మల్లో గీత దాటకుండా రంగు నింపించడమే చిత్రలేఖనం అనుకోవద్దు. దానివల్ల చెయ్యి కుదురుతుందేమో గానీ కన్ను తెరుచుకోదు. పిల్లల బొమ్మను పెద్దవాళ్లు దిద్దకూడదు. ఐదేళ్ల పాప అమ్మను ఇంటికంటే పెద్దగా వేస్తే అది తప్పు కాదు. తనకు ఎవరు పెద్దో అలా చెబుతోంది. ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన 1897లో వియన్నాలో పిల్లల కోసం చిత్రకళా తరగతి తెరిచాడు. పెద్దల బొమ్మలను చూసి వేయించడమే నేర్పడంగా చెల్లుతున్న కాలంలో, పిల్లల బొమ్మకు దానిదైన న్యాయం ఉంటుందని ఆయన వాదించాడు. నూట పాతికేళ్లు దాటినా మనం ఇంకా "కొండల మధ్య సూర్యుడు, పక్కన గుడిసె, ముందు ఏరు" అనే ఒకే బొమ్మను బోర్డు మీద వేసి దించమంటున్నాం. మన మండలంలో కొండ లేదు. పిల్లలకి తెలిసిన గట్టు, బోరింగు, గేదె ఆ బొమ్మలో లేవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొన్నీమధ్య మనుషుల బొమ్మలు వేయమన్నాం. ఒక పాప తన బొమ్మ వేసుకుని, ముఖానికి ఎరుపూ తెలుపూ కలిపి గులాబీ రంగు పూసింది. పక్కనున్న పిల్లవాడు "ఒంటి రంగు అదే" అన్నాడు. ఆ పాప చెయ్యి ఆ కాగితం మీదే ఉంది. ఎండలో పని చేసే అమ్మానాన్నల బిడ్డ, చక్కని నలుపు. తన చెయ్యి కళ్లముందే ఉన్నా, ఒంటి రంగు ఏదో ఎవరో చెప్పిందే నమ్మింది. ఈ మాట మన ఊళ్లో పుట్టింది కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ లేత గులాబీ ఛాయ ఉన్న ఒక రంగుకడ్డీని "ఒంటి రంగు" అన్న పేరుతోనే అమ్మేది. 1962లో ఆ పేరు తీసేసి ఒక పండు పేరు పెట్టింది. సీసా మీద పేరు మార్చడం తేలిక. మన నోట్లోంచి మారడమే కష్టం. "నల్లగా పుట్టింది, పెళ్లెలా అవుతుందో" అని ఉయ్యాల దగ్గరే అనే మనం, ఆ బిడ్డ కుంచె గులాబీలో ముంచితే ఎందుకు ఆశ్చర్యపోవాలి? మన గోడల మీది క్యాలెండర్లు కూడా ఈ విషయంలో పిల్లలకు సాయం చేయడం లేదు. యూదయ దేశంలో ఎండలో నడిచిన ప్రభువుకు వాటిలో నీలి కళ్లు, బంగారు జుట్టు ఉంటాయి.

ఆ రోజు టీచరమ్మ ప్రసంగం ఏమీ చేయలేదు. ఎరుపూ పసుపూ కలిపించి, నీలం ఒక్క చుక్క వేయించింది. గోధుమ రంగు వచ్చింది. ఇంకో చుక్క వేస్తే ముదిరింది. పిల్లలందరినీ ఆ రంగును తమ చేతి పక్కన పెట్టి చూసుకోమంది. పద్నాలుగు చేతులకు పద్నాలుగు ఛాయలు వచ్చాయి. ఏ ఇద్దరిదీ ఒకటి కాలేదు. పరమగీతము మొదటి అధ్యాయంలో, అన్నలు తోట కాపలాకు పెట్టగా ఎండకు నల్లబడిన యువతి తన నలుపును సిగ్గుపడకుండా అందమని చెప్పుకుంటుంది. ఆ వాక్యం మీద నేను అరగంట చెప్పినా ఆ పిల్లలకు అంత తెలిసేది కాదు. దేవుడు తమను ఏ రంగులతో చేశాడో వాళ్లు కలిపి చూశారు. లెక్కల పుస్తకం ఈ పని చేయలేదు.

వీళ్లలో ఎవరైనా పెద్ద చిత్రకారులవుతారా అంటే నేను చెప్పలేను, అది లక్ష్యమూ కాదు. కానీ చూసి గుర్తుపట్టేవాళ్లు ఒకరుండాలి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు అనే కుర్రవాడి నేర్పును గమనించి ప్రోత్సహించాడు, బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలలో చదువుకోవడానికి తోడ్పడ్డాడు. ఆ రామారావు తిరిగి వచ్చి రాజమండ్రిలోనే పది మందికి నేర్పాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన బొమ్మలు ఇప్పటికీ ఆ ఊరి చిత్రశాలలో ఉన్నాయి. బెసలేలు గురించి చదివినట్టే ఇక్కడా పని చేయడం, నేర్పడం కలిసి సాగాయి.

కలంకారీ పని చేసేవాళ్లను అడిగితే ఇంకో సంగతి చెబుతారు. ఎరుపు రావలసినచోట వాళ్లు ముందు పటిక నీళ్లు పూస్తారు. అప్పటికి గుడ్డ మీద ఎరుపు కనిపించదు. తర్వాత వేళ్ల రంగులో వేసి మరిగిస్తే, పటిక పడినచోట ఎరుపు పట్టుకుంటుంది. పిల్లల విషయంలో మనం చేసే పని కూడా పటిక పూయడమే. ఫలితం ఈ శనివారమే కనిపించాలని అడగకండి.

కాబట్టి సంఘానికి నా మనవి. పాత చొక్కాలుంటే పంపండి, రంగు పడకుండా పిల్లలు పైన వేసుకుంటారు. ఒకవైపు ఖాళీగా ఉన్న శుభలేఖలు, పాత లెడ్జర్ కాగితాలు పారేయకండి. బిడ్డ బొమ్మ తెస్తే "ఇదేంటి, గేదా కుక్కా?" అని నవ్వకండి. "దీని గురించి చెప్పు" అని అడగండి. బహుమతులు పెడదామని కొందరు అంటున్నారు, నాకు ఇష్టం లేదు. మొదటి బహుమతి ఒకరికిస్తే పదమూడు మంది కుంచె కింద పెట్టేస్తారు. వచ్చే నెల అన్ని బొమ్మలనూ ఒకే వరుసలో గోడకు అంటిద్దాం. ఆరాధన తర్వాత ఆగి చూడండి. మీ బిడ్డ తనకు ఏ రంగు వేసుకుందో ముఖ్యంగా చూడండి. ఆ రంగు అందంగా ఉందని మీ నోటితో చెప్పండి.

ప్రభువు మన పిల్లల కన్నులను, చేతులను దీవించును గాక. ఆమేన్.