అయ్యగారికి రెండవ వృత్తి ఉండరాదా?

కొల్లేటి అంచున నున్న మా ఆకివీడులో రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట ఐసు ఫ్యాక్టరీలయొద్ద మొదలగు సందడి తెల్లవారుజాము వరకును సద్దుమణగదు. దిమ్మలు మరలో పడి పిండి పిండి యగుచుండగా, ఆ మంచుపొడిని పొరకొక పొరగా చల్లుచు శీలావతులను బొచ్చెలను ట్రేలలో పేర్చి, హౌరాకును గౌహతికిని పోవు లారీల కెత్తు కూలీల నడుమ, చేతిలో లెక్కలపుస్తకముతో నిలుచుండి ట్రేలు లెక్కించుచున్న యొక యువకుని గడచిన జనవరిమాసమున నేను చూచితిని. మఫ్లరు కన్నులవరకు చుట్టుకొనియున్నాడు. చలికి గాబోలు ననుకొంటిని గాని, నన్ను గుర్తించి మొగము ప్రక్కకు త్రిప్పుకొన్నప్పుడు అది చలికి మాత్రమే కాదని తెలిసినది. ప్రతి ఆదివారము సమీపగ్రామమందలి మందిరములో తెల్లచొక్కా ధరించి వాక్యము చెప్పు మా అయ్యగారు ఆయనే. దగ్గరకు పోయి పలుకరించితిని. "తాతగారూ, సంఘంలో మాత్రం ఎవరికీ చెప్పకండి. పెద్దవాళ్లకి తెలిస్తే బాగుండదు" అని రెండు చేతులు పట్టుకొనెను. ఆ చేతులు మంచుకు గడ్డకట్టియున్నవి.

నాలుగు సంవత్సరములు వేదాంత కళాశాలలో చదివి, పౌలు పత్రికలను గ్రీకుభాషలో కూడబలుకుకొని చదువగల విద్యను సంపాదించి, బి.డి. పట్టముతో పల్లెకు వచ్చిన మనుష్యుడు, తన బిడ్డ బడి రుసుముకొరకు చేయు నిజాయితీగల పనిని చీకటిమాటున దాచుకొనవలసిన స్థితి యెట్లు వచ్చినది? ఆ సిగ్గు ఆయనది కాదనియు, ఆయనచేత దానిని మోయించుచున్న మనదే యనియు నేను నమ్ముచున్నాను.

మా ప్రాంతపు సంఘములు వరిపొలమును నమ్ముకొని పుట్టినవి. పొయ్యిమీద ఎసరు పెట్టునపుడెల్ల ఇల్లాలు పిడికెడు బియ్యము తీసి వేరుకుండలో వేయుచుండెను. ఆదివారమున ఆ బియ్యము చిన్నసంచితో మందిరమునకు చేరుచుండెను. ఆ బియ్యమే అయ్యగారి యింట అన్నమగుచుండెను. ఇక కోతపండుగనాడు బల్లముందు వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు, కొబ్బరిగెలలు కుప్పలుగా పడియుండగా, ఆరాధన ముగిసిన తరువాత వానిని వేలము వేయుచుండిరి. పది రూపాయల గుమ్మడికాయను పంతముపట్టి నూరు రూపాయలకు పాడిన మా మేనమామ ఉత్సాహము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఆ ఒక్కదినపు రాబడి సంఘకాపరిని కొన్నినెలలపాటు పోషించుచుండెను.

1980 ప్రాంతమునుండి వరిచేలు చేపలచెరువులైనవి. 2006లో కొల్లేరు అభయారణ్యపు హద్దులలోని చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినను, ఆ హద్దులకు వెలుపలి భూములు మరల వరికి రాలేదు. ఎకరము వరికి నాటునాడు, కలుపునాడు, కోతనాడు ఎందరో స్త్రీలు కావలెను. చెరువునకో, గట్టుమీద ఒక కాపలాదారుడును, మేతవేయ ఒకడును, పట్టుబడి దినమున వలవారును వచ్చిన చాలును. పనిలేని కుటుంబములు హైదరాబాదుకు భవననిర్మాణపు పనులకు పోయినవి. పడుచుతల్లులు కువైటునకు, దుబాయికి, మస్కటునకు ఇంటిపనికి పోయిరి. మందిరమున నేడు ముందువరుసలలో ముసలివారును వారి ఒడిలో మనుమలును మిగిలిరి. కానుక ఫోన్‌పేలో వచ్చును. అదియును క్రిస్మసునాడు వచ్చును, ఆషాఢమున రాదు. కోతపండుగ పేరు మిగిలినది గాని, బల్లముందు కంకి లేదు. బియ్యపు దుకాణమునుండి కొనితెచ్చిన పాతికకిలోల సంచిని ప్రథమఫలమని పెట్టిన యొక వృద్ధుని చూచినప్పుడు నాకు కంట నీరు తిరిగినది.

ఇంతకును, కేవలము వాక్యపరిచర్యతోనే బ్రతుకు సంఘకాపరి మనకు పూర్వులనుండి సంక్రమించిన ఆచార మనుకొనుట చరిత్రను మరచుటయే యగును. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడకు వచ్చుటకు కారకుడైన థామస్ గాబ్రియేలు మన తెలుగువాడు, తంతిశాఖలో ఉద్యోగము చేసినవాడు. స్వంతముగా సువార్తపని ప్రారంభించి, తుదకు అప్పులలో మునిగినప్పుడే ఆయన కెనడా దేశీయుల సహాయ మర్థించెను. 1880లో జాన్ క్రెయిగ్ మా ఆకివీడునకు వచ్చి స్థావర మేర్పరచినప్పుడును — వారి గ్రంథములలో మా యూరి పేరు 'అకీడు' — 1882లో మిషనువారు సామర్లకోటలో ఉపదేశకుల శిక్షణకు సెమినరీ తెరచినప్పుడును, పల్లెపల్లెకు ఒక్కొక్క జీతగాడైన పాస్టరును నిలుపగల ధనము వారికి లేదు. పల్లెలో నిలిచినవాడు ఉపదేశి. పగలు రెల్లుకప్పు క్రింద పిల్లలకు ఓనమాలు దిద్దించును. సాయంకాలము పొలమునుండి వచ్చిన తలిదండ్రులకు వాక్యము చెప్పును. 1854 నాటి వుడ్ విద్యాపత్రము ననుసరించి బడులకు సర్కారు గ్రాంటు దొరకుటచే, పంతులుగా ఆయనకు వచ్చు జీతముతోనే అయ్యగారి కుటుంబము గడచుచుండెను. ఊరిలోని పెద్దకులములవారు సహితము ఆయనను "పంతులుగారూ" అని పిలిచిరి గదా, ఆ పిలుపులో ఆయన రెండవ వృత్తియే యున్నది! ఆకివీడు మిషను ఆసుపత్రిలో డాక్టరు పెర్ల్ చ్యూట్ శస్త్రమును ప్రార్థనను వేరువేరుగా నెంచిన దాఖలా నాకు కనబడలేదు.

గ్రాంటుతో నడచిన ఆ ఎయిడెడ్ బడులు ఒక్కొక్కటిగా మూతపడినవి. మిగిలినవానిలో ఖాళీలు నింపబడలేదు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిలో పెక్కుమందిని ప్రభుత్వము తన క్రిందికి తీసికొన్న తరువాత ఆ కథ చాలవరకు ముగిసినది. పంతులు పోయెను, అయ్యగారు మిగిలెను. నెలకు 5,000 రూపాయల గౌరవవేతనము ప్రభుత్వము పాస్టర్లకు ప్రకటించినది. దానితో భీమవరములో ఒక గది అద్దె కూడ గడువదు. ఈ కష్టము మాకు ప్రత్యేకమని నేననను. మా మందిరమునకు నాలుగడుగుల దూరముననున్న శివాలయపు అర్చకస్వామి కుమారుడు ధూపదీపనైవేద్యపు పద్దును నమ్ముకొనలేక హైదరాబాదులో కంప్యూటరు కొలువునకు పోయినాడు. తండ్రి తరువాత ఆ గర్భాలయములో దీపము పెట్టువా డెవ్వడో తెలియక ఆ వృద్ధబ్రాహ్మణుడు నాతో చెప్పుకొన్న దుఃఖము మా సంఘపెద్దలు వినదగినది.

అట్లయిన పాతికేండ్ల యువకుడు ఏమి చేయవలెను? అతనికి గోచరించు త్రోవలు కొన్ని కలవు. విజయవాడకో హైదరాబాదుకో పోయి, అద్దెహాలులో స్వంతపేరున సంఘము స్థాపించి, ప్రసంగములను యూట్యూబునకెక్కించుట యొకటి. వాక్చాతుర్యము గలవారిలో కొందరికది ఫలించును, పెక్కుమందికి ఫలింపదు, ఎవ్వరికి ఫలించినను పల్లెకు మాత్రము దక్కదు. అమెరికాలోని తెలుగుసంఘములకు పోవుట రెండవది, అది బహుకొద్దిమందికి. పరిచర్య విడిచి సర్కారు కొలువు వెదకుకొనుట మూడవది యనుకొందమా, అచ్చటను ద్వారము ఇరుకే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులముల పరిధిలోనికి రాడు. మన రాష్ట్రమున బి.సి. — సి వర్గముక్రింద లభించు రిజర్వేషను 1 శాతము మాత్రమే. ఈ చట్టము న్యాయమా యన్న చర్చ వేరొకనాటిది. తాత చెమటనుండి మనుమని చదువువరకు వచ్చిన కుటుంబములో, బోధకవృత్తి నెంచుకొన్న కుమారుడు దేనిని త్యాగము చేయుచున్నాడో తెలిసినవారు ఆయనను తేలికగా మాటలాడరు.

నాలుగవ త్రోవ, మా అయ్యగారు మఫ్లరుమాటున నడచుచున్నది. దానిని వెలుతురులోనికి తేవలెననునదే నా వాదము.

పెద్దలు దీనికి చెప్పు ఆక్షేపణ చులకనైనది కాదు. "బల్లయొద్ద నిలుచు చేతులు బజారులో లెక్కలు వ్రాయవచ్చునా? అర్ధరాత్రి ఎవరైన కన్నుమూసిన, వచ్చి ప్రార్థనచేయు మనిషి ఫ్యాక్టరీలో నుండిన ఏమి గతి?" అని వారడుగుదురు. రెండవ ప్రశ్నకు నాయొద్ద నిండైన సమాధానము లేదు; మరణము పనివేళలు చూచి రాదు, ఆ రాత్రి యజమానుని సెలవడిగి పరుగెత్తుకొని రాగల కొలువునే కాపరి యెంచుకొనవలసియుండును. మొదటి ప్రశ్నకు మాత్రము సమాధానము బైబిలులోనే యున్నది: కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లల యింట డేరాలు కుట్టి బ్రతికెను. మన కాపరులకు బి.డి. పట్టమిచ్చు శ్రీరామపురపు విద్యాపీఠమును 1818లో స్థాపించినవారిలో ముఖ్యుడైన విలియం కేరీ, ఇంగ్లండులో చెప్పులు కుట్టినవాడు; బంగాళమునకు వచ్చిన తొలిసంవత్సరములలో నీలిమందు ఫ్యాక్టరీని నడపినవాడు; పిదప ఫోర్టు విలియం కళాశాలలో భాషలు బోధించి ఆ జీతమును మిషనునకే యిచ్చినవాడు; 1814లో మన తెలుగునకు వ్యాకరణము వ్రాసినవాడు. ఫ్యాక్టరీలో పనిచేసినవాడు పెట్టిన విద్యాలయపు పట్టము చేతబట్టుకొని, ఫ్యాక్టరీలో పనిచేయుట నామర్దా యని ఎవ్వరనగలరు? ఫ్రాన్సుదేశమున 1940 ప్రాంతమున కొందరు కతోలిక గురువులు కర్మాగారములలో కూలీలుగా చేరిరి. 1954లో రోముపీఠము దానిని ఆపివేసినను, 1965లో మరల అనుమతించినది. అంతటి పీఠమే పదకొండేండ్లలో మనసు మార్చుకొనగా, మా పెద్దల మనసు మారదని నే ననుకొనను.

ఐతే ప్రతిపనియు తగదు. వడ్డీవ్యాపారము, స్థలముల బ్రోకరుతనము, ఎన్నికలవేళ ఓట్ల దళారీపని — ఈ మూడును సంఘకాపరికి విషములు; ఏలయనగా తాను ఎవరికొరకు ప్రార్థించునో వారియొద్దనే లాభము తీయవలసివచ్చును. బి.ఇడి. చదివి బడిలో పాఠము చెప్పవచ్చును; మందులషాపు నడపుటకు ఫార్మసీ చదువవచ్చును; ఆసుపత్రిలో రోగులకు తోడుండవచ్చును; లెక్కలు వ్రాయవచ్చును. వేదాంత కళాశాలలు హెబ్రీ, గ్రీకులను మానుమని నేననను, అవి మాకు గర్వకారణము. వానితోపాటు ఒక జీవనోపాధి విద్యను కూడ విద్యార్థిచేత పూర్తిచేయించి పంపవలెను. సంఘములు కాపరిని పిలుచునపుడు వారమున ఏదినములు ఆయన తమవాడో, ఏదినములు కొలువువాడో కాగితముపై ముందే వ్రాసికొనవలెను. కాపరి యింటి కిరాయి, పిల్లల బడి రుసుము సంఘము భరింపలేనినాడు, ఆయనను ఇరువదినాలుగు గంటలు తనవానిగా నెంచు అధికారము సంఘమునకు ఎక్కడనుండి వచ్చును?

దాచిన సంగతి పల్లెలో ఎంతకాలము దాగును! మార్చిలో ఎవరో ఆయనను ఐసు ఫ్యాక్టరీయొద్ద చూచిరి. ఆరాధన ముగిసినపిమ్మట పెద్దలు చాపలు మడువనీయక కూర్చుండిరి. అయ్యగారు తలవంచుకొని జనవరినుండి తాను పొందిన కూలిని, ఆ కూలి పోయిన వైనమును ఒక నోటుపుస్తకములోనుండి చదివి వినిపించెను. ఒకరిద్దరు గొణిగిరి. వెనుకవరుసలో స్తంభమున కానుకొని కూర్చున్న యొక వృద్ధురాలు లేచినది. ఆమె భర్త చాలయేండ్ల క్రిందట దిమ్మలు మోయుచు జారిపడి చనిపోయినవాడు.

"మా ఆయన పడిపోయిన రాత్రి ఫ్యాక్టరీలో ప్రార్థన చేసేవోడు ఒక్కడూ లేడయ్యా. పొద్దున్నే కబురందితే అప్పటి అయ్యగారు సైకిలు తొక్కుకుంటా వచ్చారు, అప్పటికే శవం చల్లబడిపోయింది. ఇప్పుడు అయ్యగారు అక్కడే ఉంటానంటే మీకేంటి నొప్పి?" అని అడిగినది.

ఎవ్వరును బదులు పలుకలేదు. కార్యదర్శి మినిట్సు పుస్తకము తెరచి కలము మూత తీసెను, తేదీ వ్రాసెను. తేదీక్రింద ఇప్పటికిని ఏమియు లేదు. అయ్యగారు మాత్రము ఆ రాత్రి మఫ్లరు లేకుండ పనిలోనికి వెళ్లినారు.