ఇంటి కుక్కకు ఆపరేషన్.. చేయించాలా, వద్దా?

2025లో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు వరసగా ఇచ్చిన ఆదేశాలతో దేశమంతా కుక్కల గురించే మాట్లాడుకుంది. ఆగస్టు 11న ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లోని వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించాలన్న ఉత్తర్వు వచ్చింది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ, మనుషుల మీద పడేవాటినీ మాత్రం వదలొద్దనీ చెప్పింది. నవంబరు 7న ఇంకో ఆదేశం వచ్చింది. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తీసేయాలి, వాటిని మళ్లీ అక్కడ వదలకూడదు.

ఈ చర్చంతా వీధి చుట్టూనే తిరిగింది. మన గేటు లోపల గొలుసుకు కట్టి ఉన్న కుక్క మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన లెక్కల ప్రకారం 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షల పైచిలుకు. ప్రభుత్వాసుపత్రిలో ఇంజెక్షన్ కోసం వచ్చినవారిని ‘కరిచింది ఎవరి కుక్క?’ అని అడిగితే ‘మాదేనండీ’, ‘పక్కింటివాళ్లదండీ’ అన్న జవాబు మాకు తరచూ వినిపిస్తుంది.

కుక్కను పెంచుకునే ఇళ్లలో ఏడాది తిరిగేసరికి ఒక ప్రశ్న వస్తుంది. దీనికి ఆపరేషన్ చేయించాలా? నేను మనుషులకు వైద్యం చేసే డాక్టరును. కత్తి పట్టాల్సింది పశువైద్యులే. అయితే ఈ నిర్ణయం కుక్క ఆరోగ్యంతో పాటు మన వీధి ఆరోగ్యానికీ సంబంధించింది కాబట్టి, పశువైద్యుల దగ్గరికి వెళ్లేముందు ఏం తెలుసుకోవాలో చెబుతాను.

గేటుకూ వీధికీ మధ్య

ఆడకుక్క మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది వయసు మధ్య తొలిసారి ఎదకు వస్తుంది. పెద్ద జాతుల్లో ఇంకాస్త ఆలస్యం. తర్వాత ఆరేడు నెలలకోసారి ఎద వస్తూనే ఉంటుంది. చూలు కాలం దాదాపు 63 రోజులు. ఈతకు నాలుగైదు పిల్లలు సాధారణం, పెద్ద జాతుల్లో ఎనిమిది, పది కూడా పుడతాయి. ఒక పిల్లను మనం ఉంచుకుంటాం, ఒకటి చుట్టాలకు ఇస్తాం. మిగతావి? పేపర్లో ప్రకటనలిచ్చినా ఎవరూ తీసుకోకపోతే, చివరికి ఏ చెరువుగట్టు దగ్గరో, మార్కెట్ వెనకో తేలతాయి. వాటిలో బతికినవే రేపటి వీధికుక్కలు.

మగకుక్క సంగతి ఇంకా తేలిక అనుకుంటాం. సాయంత్రం ‘కాసేపు తిరిగి వస్తుందిలే’ అని గేటు తీస్తాం. అది వీధిలో ఎన్ని ఈతలకు కారణమైందో మనకు తెలియదు. మున్సిపాలిటీ ఒక పక్క వీధికుక్కలకు ఆపరేషన్లు చేయిస్తుంటే, ఇంకో పక్క మన గేట్ల నుంచి కొత్తవి చేరుతూ ఉంటే లెక్క ఎప్పటికీ తేలదు.

చట్టం ఎక్కడ ఆగింది?

2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు పెంపుడు జంతువులకు నట్టల మందు, టీకాలు యజమాని బాధ్యతేనని స్పష్టంగా చెప్పాయి. సంతాన నిరోధక ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి భాష మెత్తబడింది. బాధ్యత ‘ఉండొచ్చు’ అన్నట్టుగా వదిలేశాయి.

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది. వాటికి లైసెన్సులు ఇవ్వొద్దనీ, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి ఆపరేషన్ చేయించాలనీ అందులో ఉంది. సంబంధితులను సంప్రదించకుండా ఇచ్చారంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇలా బలవంతంగా చేయించాలన్న ప్రయత్నం నిలబడలేదు. ఇంటి కుక్క విషయంలో నిర్ణయం ఇంటివాళ్లకే మిగిలింది. అందుకే అది తెలిసి తీసుకునే నిర్ణయం కావాలి.

ఆడకుక్క అయితే..

ఆడకుక్క విషయంలో ఆపరేషన్ వైపే తూకం ఎక్కువ. మొదటి కారణం పయోమెట్రా, అంటే గర్భసంచిలో చీము పట్టడం. ఎద ముగిసిన ఒకటి రెండు నెలల్లో, ఎక్కువగా నడివయసు దాటిన కుక్కల్లో వస్తుంది. కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంది, తిండి మానేస్తుంది, నీరసపడుతుంది. కొన్నిటిలో చీము బయటికి కనపడుతుంది, కొన్నిటిలో లోపలే ఉండిపోతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల వివరాలు పరిశీలిస్తే, ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో పదేళ్లు వచ్చేలోపు సుమారు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు కనిపించింది. చీము పట్టాక చేసే ఆపరేషన్‌లో ప్రమాదం ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నప్పుడే అండాశయాలు, గర్భసంచి తీసేస్తే ఆ భయం దాదాపు ఉండదు.

రెండోది రొమ్ము గడ్డలు. కుక్కల్లో వచ్చే ఈ గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్లే. తొలి ఎదకు ముందే ఆపరేషన్ చేస్తే ఈ గడ్డలు చాలా అరుదని 1969 నాటి ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. దశాబ్దాలుగా అందరూ దాన్నే చెబుతూ వచ్చారు. 2012లో ఈ అధ్యయనాలన్నిటినీ తిరిగి పరిశీలించినవారు ఆధారాలు అనుకున్నంత గట్టిగా లేవన్నారు. కాబట్టి మేలు ఉండొచ్చు, కానీ దాన్నొక్కదాన్నే చూసి తొందరపడక్కర్లేదు.

నష్టాలూ ఉన్నాయి. కొన్ని ఆడకుక్కలకు, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, తర్వాత్తర్వాత నిద్రలో మూత్రం కారే ఇబ్బంది రావచ్చు. చాలావరకు మందులతో అదుపులో ఉంటుంది.

ఎద రాకుండా ఆపేందుకు వేసే హార్మోన్ ఇంజెక్షన్లు చవక అనిపిస్తాయి. అవి చీము పట్టే ముప్పునూ, రొమ్ము గడ్డల ముప్పునూ పెంచుతాయి. ఆపరేషన్‌కు బదులుగా వాటిని ఏళ్లతరబడి వాడటం మంచిది కాదు.

మగకుక్క అయితే..

మగకుక్కకు ఆపరేషన్ చిన్నది. లాభనష్టాల తూకం మాత్రం అంత ఏకపక్షంగా ఉండదు. వృషణాలు తీసేస్తే వాటిలో గడ్డలు రావు. వయసు మీదపడ్డాక వచ్చే ప్రొస్టేట్ వాపు, మలద్వారం పక్కన వచ్చే కొన్ని గడ్డలు బాగా తగ్గుతాయి. ప్రొస్టేట్ క్యాన్సర్‌ను మాత్రం ఇది ఆపదు. వృషణం కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోయిన కుక్కకు ఆపరేషన్ తప్పనిసరి అనుకోవచ్చు. ఆ వృషణంలో గడ్డలు వచ్చే అవకాశం ఎక్కువ.

నడవడిక సంగతి ఎక్కువమంది అడుగుతారు. ఎద వాసనకు గోడ దూకి పారిపోవడం, ఇంట్లో మూలమూలలా మూత్రం పోయడం, ఎక్కడం వంటివి చాలా కుక్కల్లో తగ్గుతాయి. ఆడకుక్క కోసం జరిగే పోట్లాటలూ తగ్గుతాయి. ఆ పోట్లాటల్లో విడదీయబోయి చేయి కొరికించుకున్న యజమానులు మా దగ్గరికి వస్తూనే ఉంటారు.

‘ఆపరేషన్ చేయిస్తే కరవడం మానేస్తుంది’ అన్నది మాత్రం హామీ కాదు. కుక్కలు చాలాసార్లు భయంతో కరుస్తాయి. పిరికి కుక్కకు ఆపరేషన్‌తో ఆ భయం పోదు, కొన్నిటిలో పెరగొచ్చు కూడా. కరిచే అలవాటున్న కుక్కకు కావలసింది శిక్షణ, పిల్లలను దాని తిండి గిన్నె దగ్గరికి, నిద్రపోయేచోటికి పోనివ్వకపోవడం.

జాతిని బట్టి వయసు

‘ఆరు నెలలు నిండగానే చేయించాలి’ అన్న పాత సూత్రం ఇప్పుడు మారుతోంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ క్యాంపస్ పరిశోధకులు 2013 నుంచి ఈ విషయంపై వరసగా అధ్యయనాలు చేశారు. 2020లో 35 జాతుల వివరాలు ప్రచురించారు. ఎముకల ఎదుగుదల ముగియకుండానే హార్మోన్లు ఆగిపోతే కొన్ని పెద్ద జాతుల్లో తుంటి, మోకాలు, మోచేతి కీళ్ల జబ్బులు పెరుగుతున్నాయని తేలింది. గోల్డెన్ రిట్రీవర్లలో ఆరు నెలల లోపు ఆపరేషన్ చేసినప్పుడు ఈ జబ్బులు నాలుగైదు రెట్లు ఎక్కువగా కనిపించాయి. లాబ్రడార్లలో పెరుగుదల అంతకంటే తక్కువ. జర్మన్ షెపర్డ్‌లలోనూ ఏడాదిలోపు చేయిస్తే కీళ్ల సమస్యలు పెరిగాయి. గోల్డెన్ ఆడకుక్కల్లో ఏ వయసులో చేసినా కొన్ని క్యాన్సర్లు పెరిగినట్టు కనిపించింది. చిన్న జాతుల్లో మాత్రం కీళ్ల ముప్పు పెరగలేదు.

దీన్నిబట్టి పమేరియన్ లాంటి చిన్న కుక్కకు వయసు పెద్ద సమస్య కాదు. ఇరవై కిలోలు దాటే జాతులకు, ఇంట్లో జాగ్రత్తగా ఉంచగలిగితే, ఏడాది నిండేదాకా ఆగడం మేలు. అయితే ఆడకుక్క విషయంలో ఈలోపు ఒక ఎద వస్తుంది, ఆ మూడు వారాలు కాపలా కాయగలరా అన్నది చూసుకోవాలి. కట్టేసే వీలు లేకుండా వాకిట్లో తిరిగే నాటుకుక్కకు ఆగడం కంటే త్వరగా చేయించడమే మంచిది.

ఇళ్లలో వినే మాటలు

‘ఒక్కసారైనా ఈననివ్వాలి, లేకపోతే పాపం’ అంటారు. ఒకసారి ఈనడం వల్ల కుక్కకు ఆరోగ్యపరంగా ఏ మేలూ లేదు. మాతృత్వం కోసం అది మనలా ఎదురుచూడదు. పుట్టిన పిల్లలు వీధిన పడితేనే అసలు పాపం.

‘మగతనం పోతే కాపలా కాయదు’ అంటారు. కొత్తవాళ్లను చూసి మొరగడం ఇంటి మీద మమకారంతో వచ్చేది. వృషణాలు లేకపోతే అది పోదు.

‘లావైపోతుంది’ అన్న మాటలో నిజముంది. ఆపరేషన్ తర్వాత శరీరానికి కావలసిన శక్తి సుమారు ఇరవై నుంచి ముప్పై శాతం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. మనం మాత్రం అదే పెరుగన్నం, అదే బిస్కెట్లు పెడతాం. తిండి కొలిచి పెట్టి, రోజూ నడిపిస్తే లావెక్కదు.

ముందూ వెనకా జాగ్రత్తలు

మన వాతావరణంలో పిడుదుల బెడద ఎక్కువ. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో, మనుషులకు డెంగీలో లాగే, కుక్కల్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైకి హుషారుగానే కనపడవచ్చు. ఆ స్థితిలో కోస్తే రక్తం ఆగదు. అందుకే ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేయించమని మీరే అడగండి. ఆడకుక్కకు ఎదలో ఉండగా కాకుండా, అది ముగిసిన రెండు మూడు నెలలకు చేయించడం క్షేమం. ఎప్పటినుంచి తిండి ఆపాలో డాక్టరు చెప్పినట్టే పాటించండి.

తర్వాత పది పన్నెండు రోజులు కుట్లు నాకకుండా మెడకు గరాటు లాంటి పట్టీ ఉంచాలి. స్నానం వద్దు, మెట్లెక్కించడం, గెంతులు వద్దు. మనిషికి వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కకు వేయకూడదు, అవి ప్రమాదం. మగకుక్కలో ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు వీర్యకణాలు మిగిలి ఉంటాయి, కాబట్టి నెలన్నర దాకా ఆడకుక్కలకు దూరంగా ఉంచండి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమనుకుంటే ప్రభుత్వ పశువైద్యశాలలోనో, తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లోనో అడగండి.

వద్దనుకుంటే..

ఆపరేషన్ చేయించకపోవడం తప్పేమీ కాదు. అయితే అప్పుడు పని పెరుగుతుంది. మగకుక్క గొలుసు లేకుండా గేటు దాటకూడదు. ఆడకుక్కను ఎదలో మూడు వారాలు మేడ మీదో, గదిలోనో కాపలా కాయాలి. ఎద తర్వాత రెండు నెలలు అది నీళ్లు ఎక్కువ తాగుతోందా, తిండి మానేసిందా అని గమనించాలి. పిల్లలు పెట్టించి అమ్మాలనుకుంటే 2017 కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. పద్దెనిమిది నెలలు నిండని, ఎనిమిదేళ్లు దాటిన ఆడకుక్కను కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే. రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు.

చేయించినా, చేయించకపోయినా ఒకటి మాత్రం మారదు. ఆపరేషన్ రేబిస్‌ను ఆపదు, టీకానే ఆపుతుంది. ఏటా టీకా వేయించి ఆ కార్డు దాచండి. టీకా వేసిన ఇంటి కుక్క గీరినా, కరిచినా గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి రావాలి. మొదటి రోజు నుంచి లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో ఇంజెక్షన్లు, గాయం లోతుగా ఉంటే దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమవుతాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మా చేతిలో మందు లేదు.

పశువైద్యులను కలిసేటప్పుడు నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. మాది ఆడదా, మగదా? పెద్దయ్యాక ఎంత బరువు తూగుతుంది? అది గొలుసు లేకుండా గేటు దాటుతుందా? ఎదలో దాన్ని కాపాడటానికి ఇంట్లో ఎవరున్నారు? చివరి రెండిటికీ నిజాయతీగా జవాబు చెప్పుకుంటే, చాలా ఇళ్లలో నిర్ణయం అక్కడే తేలిపోతుంది.