వెరోనా కథ మనది కాదని ఎవరన్నారు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. నచ్చకపోతే కింద వాదించండి, తప్పుకుని పోకండి.

విజయవాడలో డిగ్రీ ఇంగ్లీషు సాహిత్యం చదివే మనవాళ్లు 'రోమియో అండ్ జూలియట్' ఎలా నేర్చుకుంటున్నారో చూస్తూనే ఉన్నాం. నాటకం ఎవరూ తెరవరు, గైడు తెరుస్తారు. కథాసారం రెండు పేజీలు, పరీక్షలో వచ్చే ప్రశ్నలు నాలుగు, చివర్లో ఒక నీతి: పెద్దల మాట వినకపోతే ఇలాగే అవుతుంది. ఇంకో పక్క మన అన్నల్లోనే కొందరు "ఇటలీలో డబ్బున్నోళ్ల పిల్లల ప్రేమగోల మనకెందుకు, ఏకలవ్యుడి కథ చాలదా" అంటున్నారు. ఈ రెండు మాటలూ తప్పే అని మా వాదన.

ముందు నీతి సంగతి చూద్దాం. అది షేక్‌స్పియర్ చెప్పిన నీతి కాదు. 1562లో ఆర్థర్ బ్రూక్ అనే కవి ఇదే కథను ఇంగ్లీషులో కావ్యంగా రాశాడు. తల్లిదండ్రుల్ని, పెద్దల సలహాని లెక్కచేయని ప్రేమికులకు ఇదే గతి అని ముందుమాటలో హెచ్చరించాడు. షేక్‌స్పియర్ కథను అక్కణ్నుంచే తీసుకున్నాడు, ఆ హెచ్చరికను మాత్రం వదిలేశాడు. 1597లో మొదటిసారి అచ్చయిన ఆయన నాటకం చివర్లో వెరోనా ప్రభువు నిలదీసేది చచ్చిపోయిన పిల్లల్ని కాదు, రెండు ఇళ్ల పెద్దల్ని. మీ పగే ఈ పని చేసింది చూడండి అంటాడు. ఆయన తీసేసిన నీతిని మన గైడ్లు మళ్లీ తెచ్చి అతికిస్తున్నాయి. ఎందుకంటే క్లాసులో 'పగ' గురించి మాట్లాడితే కులం గురించి మాట్లాడాలి. 'మాట వినని పిల్లలు' అంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

డబ్బున్నోళ్ల కథ అనే అన్నలకు ఒక మాట. నాటకం మొదలయ్యేది ప్రేమతో కాదు, పనివాళ్ల కొట్లాటతో. యజమానుల పగ కోసం నౌకర్లు నడివీధిలో కత్తులు దూస్తారు. ఊళ్లో రెండు పార్టీలు కొట్టుకుంటే ముందు తలలు పగిలేది ఎవరివో మనకు తెలీదా?

తర్వాత ఇంకో పనివాడు వస్తాడు. విందుకు ఎవరెవర్ని పిలవాలో యజమాని జాబితా ఇచ్చాడు. వాడికి చదువు రాదు. దారిలో కనపడ్డ కుర్రాణ్ని చదివి పెట్టమంటాడు. ఆ కుర్రాడే రోమియో. అలా విందు సంగతి తెలిసి వెళ్తాడు, అక్కడ జూలియట్‌ని చూస్తాడు. అంటే ఈ ప్రేమకథ మొత్తం చదువు రాని ఒక నౌకరు చేతిలో కాగితం వల్ల మొదలైంది! అర్జీ పట్టుకుని "బాబూ, ఇందులో ఏం రాసుందో చెప్పు" అని అడిగిన తాతలున్న ఇళ్ల నుంచి వచ్చాం మనం. ఆ నౌకరు పేరు గైడులో ఉండదు.

చివర్లో విషం అమ్మేవాడు. అమ్మితే ఉరి అని తెలుసు. అయినా అమ్ముతాడు, తిండి లేక. తన పేదరికమే ఒప్పుకుంది కానీ తన మనసు కాదని చెప్పుకుంటాడు. చేపల చెరువు గట్టు మీద అడ్వాన్సు అప్పుకి కాపలా కాసే యానాది కుటుంబానికి ఈ మాట విడమరిచి చెప్పాలా?

ఇక పేరు సంగతి. పేరులో ఏముంది, ఆ పేరు వదిలేసి రా అని జూలియట్ రోమియోని అడుగుతుంది. ఆ సీను క్లాసులో అందమైన ప్రేమ డైలాగు. మనకు అది అంతకన్నా ఎక్కువ. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల అనే పేరున్నందుకే మనుషుల్ని సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేశారు. ఒకటి బాపట్ల దగ్గర స్టువర్టుపురం. ఇంకొకటి బెజవాడకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం. ప్రకాశం బ్యారేజీ దాటి కాలేజీకి వచ్చే మన పిల్లలు రోజూ ఆ చరిత్ర పక్క నుంచే వస్తున్నారు. చట్టం పోయింది. హాస్టల్లో పర్సు పోతే ముందు ఎవరి పెట్టె వెతుకుతారో మీరే చెప్పండి. అదే పేరు సర్టిఫికెట్ మీద ఉంటేనే సీటు. వదిలేద్దామంటే కుదరదు, పెట్టుకుంటే అనుమానం. పేరులో ఏముందో క్లాసులో అందరికంటే బాగా చెప్పగలిగేది మనమే. మనల్ని మాత్రం ఎవరూ అడగరు.

ఇదంతా పాత కథా? కులాంతర పెళ్లిళ్లలో పరువు హత్యలకు, ఖాప్ పంచాయతీలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు 2018 మార్చిలో గట్టి తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో దళిత యువకుణ్ని, గర్భవతి అయిన భార్య కళ్లముందే, ఆసుపత్రి బయట నరికించారు. వెరోనా అంత దూరమేం కాదు.

మన ఇళ్ల సంగతీ మాట్లాడదాం. బయటి కులంలో పెళ్లాడితే జరిమానా, వెలి వేసే కుల పంచాయతీలు మనకు లేవా? జూలియట్‌కి ఇంకా పద్నాలుగు నిండలేదు. తండ్రి సంబంధం ఖాయం చేసి, ఒప్పుకోకపోతే వీధిలో పడి చావమంటాడు. టెన్త్ అవ్వకముందే ముహూర్తం పెట్టే తండాలు, కాలనీలు మనవి కావా? ఆ సీను మన చెల్లెళ్ల చేత గట్టిగా చదివించాలి.

"అయితే ప్రేమించి చచ్చిపోమంటారా?" అని అడిగేవాళ్లుంటారు. కాదు. నాటకం కూడా ఆ మాట అనలేదు. చూపు నుంచి చావు దాకా అయిదు రోజులే, ఆ తొందరను అది దాచలేదు. కానీ ఆ పిల్లకు చెప్పుకునే చోటు ఎక్కడ? పెంచిన దాది చివరికి రెండో పెళ్లి చేసుకోమంటుంది. గురువు అందరికీ చెప్పాల్సిన మాట దాచిపెడతాడు. ఆయన రాసిన ఉత్తరం ప్లేగు భయంతో ఇంట్లో పెట్టి తలుపులు మూయడం వల్ల చేరదు. వాళ్లు చచ్చింది ప్రేమించినందుకు కాదు, మనుషులు లేక. హాస్టల్లో ఒంటరిగా కుమిలిపోయే మన తమ్ముడికి, చెల్లికి ఈ గ్రూపు ఆ మనిషి కావాలి.

ఏకలవ్యుణ్ని వదలమని మేం అనడం లేదు. గురువు మన దగ్గర ఏం తీసుకుంటాడో ఆ కథ చెప్తుంది. ఇంటి పెద్దలు పరువు పేరుతో ఏం తీసుకుంటారో ఈ కథ చెప్తుంది. రెండూ కావాలి.

కాబట్టి మా ప్రతిపాదన. గైడు పక్కన పెట్టి, ఈ సెలవుల్లో గ్రూపులో నాటకం సీను సీనుగా చదువుదాం. నౌకర్ల సీను ఎరుకల భాషలో, లంబాడీలో ఎవరికి వాళ్లు చెప్పుకుందాం. క్లాసులో నీతి చెప్పగానే చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడుగుదాం: "సార్, చివర్లో ప్రభువు తప్పుపట్టింది ఎవర్ని?" మార్కులేం పోవు.

జై ఏకలవ్య. జై సేవాలాల్. జై భీమ్.