మార్చిన మూత్రపిండానికి పథ్యమే రసాయనం

ఆయుర్వేదాన్ని వృత్తిగా స్వీకరించి నాకు ముప్పై ఏళ్ళు దాటింది. మూలికల మీద నాకున్న విశ్వాసం ఈనాటికీ చెక్కుచెదరలేదు. అయినా ఈ వ్యాసంలో ఫలానా మూలికను వాడండని కాక, వాడవద్దని చెప్పబోతున్నాను. పాఠకులు దీనిని విపరీతంగా భావించక, చివరివరకు చదివి ఆలోచించవలసిందిగా మనవి.

మా చెల్లెలు తన మూత్రపిండాలలో ఒకదానిని కన్నకొడుకుకు ఇచ్చింది. శస్త్రచికిత్స చక్కగా జరిగింది. రెండేళ్ళపాటు వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకున్న పిల్లవాడు తిరిగి ఉద్యోగానికి వెళ్ళసాగాడు. ఇంతలో 2020లో కరోనా వచ్చింది. ఇంటింటా తిప్పతీగ కషాయం కాగింది. ఒకనాడు చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, అందరూ తిప్పతీగ తాగుతున్నారు. వీడికి అసలే రోగనిరోధక శక్తి తక్కువ. రోజూ ఒక గ్లాసు ఇవ్వనా?" అని అడిగింది. "ఇంట్లో కాచుకునేదే కదమ్మా, ఇవ్వు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

మూడు నెలల తరువాత రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. శరీరం ఆ మూత్రపిండాన్ని తిరస్కరిస్తున్నదని బయాప్సీలో తేలింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో అవయవం దక్కింది గాని, దాని పనితనం మునుపటి స్థాయికి రాలేదు. కషాయమే దీనికి కారణమని నేను నిరూపించలేను. కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదు. చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె అనని ఆ మాటే నా చేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

బలహీనత కాదు, చికిత్స

పరాయి కణాలను గుర్తించి ఎదిరించడం మన దేహ ధర్మం. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి సమరూప కవలల మధ్య జరిగింది. ఇద్దరి దేహతత్త్వం ఒకటే కనుక సోదరుని అవయవాన్ని రోగి శరీరం పరాయిదిగా ఎంచలేదు. తక్కినవారికి ఆ అదృష్టం లేదు. తల్లి ఇచ్చినదైనా సరే, కొడుకు శరీరానికి అది పరాయిదే. అందువల్లనే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులతో రోగనిరోధక శక్తిని వైద్యులు బుద్ధిపూర్వకంగా అణచి ఉంచుతారు. అది రోగి బలహీనత కాదు. అదే అతని చికిత్స.

వ్యాధిక్షమత్వాన్ని పెంచడం ఆయుర్వేదానికి ప్రధాన లక్ష్యాలలో ఒకటి. తిప్పతీగ, అశ్వగంధ వంటి వాటికి కీర్తి వచ్చింది ఆ గుణం వల్లనే. చ్యవనప్రాశలో సైతం తిప్పతీగ ఒక ద్రవ్యం. సామాన్యులకు గుణమైనదే మార్పిడి చేయించుకున్నవారికి దోషం కావచ్చు. వైద్యుడు అణచి ఉంచిన శక్తిని మనం కషాయంతో తట్టి లేపడం ఏ శాస్త్రం ప్రకారమూ సమంజసం కాదు. పైగా 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు నివేదించారు. ఆ నివేదికపై వాదోపవాదాలు జరిగిన మాట నిజమే. అయితే ఒకే ఒక్క మూత్రపిండం మీద బ్రతుకుతున్నవాడు అటువంటి వాదాలకు పరీక్షావస్తువు కారాదు.

ఈనాటి విరుద్ధాహారం

చరక సంహిత సూత్రస్థానంలో విరుద్ధాహారాన్ని గురించిన విపులమైన చర్చ ఉంది. విడివిడిగా మంచివైన రెండు పదార్థాలు కలిసినప్పుడు కీడు చేయవచ్చునన్నది దాని సారాంశం. నా దృష్టిలో పంపరపనస పండు, టాక్రోలిమస్ మాత్ర ఈనాటి విరుద్ధాలు. మన పేగులలోను, కాలేయంలోను ఈ మందును విడగొట్టే ఎంజైము ఒకటి ఉన్నది. పంపరపనస, దాని జాతికే చెందిన గ్రేప్‌ఫ్రూట్ ఆ ఎంజైమును అడ్డగిస్తాయి. అప్పుడు మందు రక్తంలో పేరుకొని మూత్రపిండానికే విషమవుతుంది. ఇందుకు భిన్నంగా కొన్ని మూలికలు మందును త్వరగా విరిచివేస్తాయి. అప్పుడు శరీరం అవయవంపై తిరగబడుతుంది. రెండింటి మధ్య దారి చాలా ఇరుకు.

పసుపు సంగతి చాలామంది అడుగుతారు. పప్పులోను, కూరలోను వేసే చిటికెడు పసుపునకు భయపడనక్కరలేదు. గుళికలుగా అమ్మే పసుపు సారం మాత్రం వేరు. అందులో మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ. ఒంటికి బాగా పట్టడానికని చాలా గుళికలలో మిరియాల సారం కూడా కలుపుతారు. అది మందుల ప్రమాణాన్ని తారుమారు చేయగలదు. అల్లం, వెల్లుల్లి విషయంలోనూ ఇదే సూత్రం: వంటలో ఉన్నంతవరకు ఆహారం, సీసాలోకి వస్తే ఔషధం.

మూలిక సహజమైనది కనుక హాని చేయదన్న మాట నిజం కాదు. బెల్జియంలో సన్నబడటానికి మూలికలు వాడిన స్త్రీల మూత్రపిండాలు చెడిపోయిన ఉదంతం 1993లో వెలుగులోకి వచ్చింది. ఆ మూలికలలో ఉన్న అరిస్టోలోకిక్ ఆమ్లమే అందుకు కారణమని తరువాత తేలింది. మన ఈశ్వరి వేరు ఆ కుటుంబానికి చెందినదే. శుద్ధి తెలియని భస్మాలలో సీసం, పాదరసం ఉండే అవకాశం ఉంది. తెలియని ఔషధం విషంతో సమానమన్న భావం చరకుని నాడే ఉన్నది. మన ప్రాచీనులు చేసిన హెచ్చరికను మనమే మరచిపోతున్నాము.

అసలైన రసాయనం

అలాగని ఇల్లాలు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. పథ్యం ఆమె చేతిలోనే ఉన్నది.

శస్త్రచికిత్స జరిగిన మొదటి నెల, నెలన్నర రోజులలో గాయం మానడానికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. సాధారణంగా శరీర బరువులో కిలోకు 1.3 నుంచి 1.5 గ్రాముల వరకు సూచిస్తారు. ఆ తరువాత 0.8 నుంచి 1 గ్రాము చాలును. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుడ్డు పూర్తిగా ఉడకాలి. పొడుల డబ్బాలు వైద్యుడు చెబితే తప్ప కొనవద్దు.

డయాలిసిస్ రోజులలో గ్లాసులతో కొలిచి నీళ్ళు తాగిన రోగి, మార్పిడి తరువాత కూడా భయంతో దాహాన్ని చంపుకోవడం చూశాను. కొత్త మూత్రపిండానికి నీరు కావాలి. ఎంత అన్నది వైద్యుని అడగండి. నీటిని మరగకాచి చల్లార్చి ఇవ్వండి. కొబ్బరినీళ్ళు, అరటిపండు విషయంలో మాత్రం తొందరపడవద్దు. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ రక్తంలో పొటాషియాన్ని పెంచగలవు. పరీక్ష ఫలితం చూసిన తరువాతే నిర్ణయించాలి.

ప్రెడ్నిసొలోన్ ఆకలిని రగిలిస్తుంది. దానితో బరువు, రక్తపు పోటు, చక్కెర పెరుగుతాయి. కోలుకున్నాడన్న ఆనందంలో తల్లులు నేతి మిఠాయిలు పెట్టడం సహజమే గాని, క్షేమం కాదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు ఈ లెక్కలోకే వస్తాయి.

శుచి అన్నింటికన్న ముఖ్యం. కాచని పాలు, పచ్చి మొలకలు, బజారులో కోసి పెట్టిన పండ్లు, చెరకు రసం వద్దు. కాచిన పాలను ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు మంచిది. ఆలయంలో పచ్చిపాలతో చేసిన పంచామృతాన్ని, తీర్థాన్ని కళ్ళకద్దుకొని తలపై చల్లుకుంటే చాలును. దైవం కోపించడు.

మందు వేళను మన శాస్త్రం ఔషధ సేవన కాలమంటుంది. టాక్రోలిమస్ మాత్రను సాధారణంగా 12 గంటలకొకసారి, వైద్యుడు చెప్పిన వేళకే వేసుకోవాలి. ఒకరోజు పరగడుపున, మరొకరోజు భోజనం చేసి వేసుకుంటే రక్తంలో దాని ప్రమాణం మారుతుంది. మందు ప్రమాణం చూసే పరీక్ష ఉన్న ఉదయం, రక్తం ఇచ్చిన తరువాతే మాత్ర వేసుకోవాలి. ఏకాదశి ఉపవాసమైనా, దీక్ష అయినా ఈ నియమం తప్పరాదు.

సాటి వైద్యులకు నా విన్నపం ఒక్కటే. మార్పిడి చేయించుకున్న రోగి మన వద్దకు వస్తే, మందు వ్రాయకుండా పంపడం మనకు చిన్నతనం కాదు. "మీ మూత్రపిండాల వైద్యునికి తెలుసా?" అని అడగడమే మనం చేయగల మేలు. గృహిణులకూ ఇదే మనవి. ఇంట్లో ఇస్తున్న ప్రతి చూర్ణాన్ని, ప్రతి లేహ్యాన్ని, ప్రతి కషాయాన్ని ఒక కాగితం మీద వ్రాసి వైద్యునికి చూపండి. దాచవద్దు.

మా మేనల్లుడు ఇప్పుడు క్రమం తప్పక మందులు వాడుతూ ఆరోగ్యంగానే ఉన్నాడు. చెల్లెలు ఇప్పటికీ ఫోను చేసి, "అన్నయ్యా, ఇది పెట్టవచ్చా?" అని అడుగుతూనే ఉంటుంది. ఇప్పుడు నేను వెంటనే సమాధానం చెప్పను. "డాక్టరుగారిని అడిగి చెబుతానమ్మా" అంటాను.