నీటికుక్కకు దాని నీళ్లు దానికే ఉండాలి

మనుబోలు దాటి తూర్పుకు, ముత్తుకూరు, చిల్లకూరు మండలాల వైపు వెళ్తే రొయ్యల గుంటల కట్టల వెంట పొట్టి వల కంచెలు కనిపిస్తాయి. పీతలు లోపలికి రాకుండా కట్టినవి అవి. గుంట మీద అడ్డంగా లాగిన తాళ్లు కొంగలు వాలకుండా. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఈ తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చేసిన తర్వాత, నష్టాలు నేర్పిన జాగ్రత్త ఇది. ఆ వైరస్‌ను మోసుకొచ్చే పీత చాలాసార్లు తాను బాగానే తిరుగుతుంటుంది, చచ్చేది రొయ్య. ఒకే నీళ్లలో రెండు జాతులు ఉంటే ఏం జరగవచ్చో ఇక్కడి రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అక్వేరియంలు, జంతు ప్రదర్శనశాలలు కట్టేవాళ్లకు మాత్రం ఇంకా చెప్పాల్సి వస్తోంది.

చెన్నై ఈసీఆర్ మీద 2019 నుంచి సొరంగ అక్వేరియం నడుస్తోంది. హైదరాబాద్ శివారు కొత్వాల్‌గూడలో ఇంకోటి తలపెట్టారు. ఒకే గాజు వెనక ఎన్ని రకాల ప్రాణులు కనిపిస్తే అంత గొప్ప అన్న ధోరణి పెరుగుతోంది. చేపలతో మొదలైన ఈ ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు నీటికుక్కల దాకా వస్తుంది. విదేశాల్లో ఇప్పటికే వచ్చింది కూడా. అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. నా మాట ఒక్కటే: నీటికుక్కను వేరే జాతులతో ఒకే నీళ్లలో ఉంచకూడదు.

సముద్రపు నీటికుక్క మన తీరంలో లేదు. ఉత్తర పసిఫిక్ చలినీళ్లలో ఉంటుంది. తిమింగలానికి, సీల్‌కు ఉన్నట్టు దానికి ఒంట్లో కొవ్వు పొర లేదు. చలి నుంచి కాపాడేది బొచ్చు ఒక్కటే. చదరపు అంగుళంలో దాదాపు పది లక్షల వెంట్రుకలు ఉంటాయి, వాటి మధ్య చిక్కుకున్న గాలే దాని దుప్పటి. ఆ బొచ్చుకు జిడ్డు పట్టిందా, చన్నీళ్లు చర్మానికి తగిలి జంతువు బతకదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికినప్పుడు నీటికుక్కలు వేల సంఖ్యలో చచ్చింది అందుకే. ఒంట్లో వేడి నిలుపుకోవడానికి అది రోజూ తన బరువులో నాలుగో వంతు తింటుంది. ఇరవై ఎనిమిది కిలోల మగజంతువుకు ఏడు కిలోల తిండి కావాలి. తిన్నదానికి తగ్గట్టే విసర్జన. తొట్టి నీళ్లను వడకట్టే యంత్రాలకు ఈ ఒక్క జంతువు భారమే చాలా ఎక్కువ. పక్కన మరో జాతి వ్యర్థాలు కూడా చేరితే దాని బొచ్చు శుభ్రంగా ఎలా ఉంటుంది?

ఇక పక్కనున్న ప్రాణి సంగతి. నీటికుక్క ముఖం చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి అది వేటజంతువన్న సంగతి మరిచిపోతాం. కాలిఫోర్నియాలోని మాంటెరీ తీరంలో 2000, 2002 మధ్య మగ నీటికుక్కలు సీల్ పిల్లలను పట్టుకుని, వాటితో జతకట్టబోయిన ఘటనలు 19 నమోదయ్యాయి. కనీసం పదిహేను పిల్లలు చనిపోయాయి. పారిపోవడానికి సముద్రమంతా ఉన్నచోటే ఇలా జరిగితే, నాలుగు గోడల తొట్టిలో సీల్ పిల్ల ఎటు పోతుంది? రోగాల సంగతి దీనికంటే ముఖ్యం. పిల్లుల మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వాననీటితో కొట్టుకొచ్చి కాలిఫోర్నియా నీటికుక్కల ప్రాణాలు తీస్తోంది. పిల్లికి మామూలుగా ఏమీ కాదు, దాని మొహం కూడా చూడని సముద్రజంతువు చస్తుంది. మన పీత, రొయ్యల కథే అది.

చేపల గుంటలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కలిపి వేస్తారు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ఆ పద్ధతి చక్కగా సాగుతోంది. బొచ్చె పైనీళ్లలో, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. ఒకదాన్ని ఒకటి తినవు. ఆ గుంటలోకి కొరమీనును మాత్రం ఏ రైతూ వదలడు. కాబట్టి జాతుల్ని కలపడమే తప్పని నేను అనడం లేదు. బెల్జియంలోని పైరీ డైజా పార్కులో ఒరాంగుటాన్లు ఉన్నచోటే పారే నీళ్లలో చిన్న ఆసియా నీటికుక్కల్ని ఉంచారు. 2020లో ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. రెండింటికీ పొద్దుపోతుంది, విసుగు తగ్గుతుంది అన్న నిర్వాహకుల వాదనను నేను తోసిపుచ్చను. అయితే అక్కడ ఒకటి నేల మీద, కొమ్మల మీద బతికే జంతువు, మరొకటి నీళ్లలోకి జారుకోగలిగేది. నచ్చనప్పుడు విడిపోయే దారి రెండింటికీ ఉంది. బతుకు దాదాపు మొత్తం నీళ్లలోనే గడిపే సముద్రపు నీటికుక్కకు, అవే నీళ్లలో ఉన్న సీల్‌కో చేపకో ఆ దారి లేదు.

కోరింగ మడ అడవుల్లో మన నీటికుక్కలూ బావురుపిల్లులూ కలిసే ఉంటున్నాయి కదా అన్న ప్రశ్న ఇంకా గట్టిది. ఆ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లి ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, నీటికుక్కల గుంపులు ఎక్కువగా పగలు వేటాడతాయి. వాటి మధ్య దూరముంది, పొద్దు తేడా ఉంది, పోటుకూ పాటుకూ మారే కాలవలున్నాయి. అడవిలో కలిసి బతకడమంటే చాలావరకు ఎదురుపడకుండా తప్పుకోవడమే. తొట్టిలో తీసేసేది సరిగ్గా దాన్నే.

పిల్లలకు సముద్రాన్ని మొత్తంగా చూపించాలంటే ఎలా అన్నది మిగిలిన అభ్యంతరం. ఇది న్యాయమైన కోరిక. నీటికుక్క సముద్రపు ముళ్లకాయల్ని (సీ అర్చిన్లను) తింటేనే కెల్ప్ అనే సముద్రపు నాచు అడవి నిలుస్తుంది, నీటికుక్క లేకపోతే ఆ ముళ్లకాయలు అడవిని నమిలేస్తాయి. ఈ సంబంధం ప్రతి పిల్లవాడికీ తెలియాలి. కానీ అది చూపించడానికి నీళ్లు కలపక్కర్లేదు. 1998లో తెరిచిన లిస్బన్ ఓషనేరియంలో నడుమ పెద్ద తొట్టి, దాని చుట్టూ నాలుగు తీరాలు కట్టారు. చూసేవాడికి అంతా ఒకే సముద్రంలా ఉంటుంది, మధ్యలో మాత్రం మందపాటి అక్రిలిక్ పలకలు అడ్డంగా ఉంటాయి. ఖర్చు పెరుగుతుంది, కాదనను. ఆ ఖర్చు పెట్టలేనప్పుడు నీటికుక్కను తెచ్చుకోకపోవడమే మంచిది. డాల్ఫిన్ల విషయంలో ఈ దేశం అలాంటి నిర్ణయమే తీసుకుంది. 1990ల చివర చెన్నై దగ్గర ప్రదర్శనకు తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి లేదని కేంద్రం 2013లో తేల్చింది. మొదటి ఘటనకూ ఆ ఆదేశానికీ మధ్య పదిహేనేళ్లు గడిచాయి.

నీటికుక్కల విషయంలో అన్నేళ్లు ఆగనక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఏ జూకైనా, ఏ అక్వేరియంకైనా నీటికుక్కల కోసం నక్షా సమర్పిస్తే కేంద్ర జూ ప్రాధికార సంస్థ ముందుగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటికి వేరే వడపోత ఉందా? జనం కంటపడకుండా పోయి పడుకునే గది ఉందా? గుంపుగా బతికే మన నీటికుక్కకు తన గుంపుతో ఉండే చోటు ఉందా? ఈ మూడూ లేని నక్షాను వెనక్కి పంపాలి.